వానాకాలంలో బాగా పనిచేసిన పరికరం

ఉద్యోగ జ్ఞాపకాలు రాయడానికి ఒక వయసు రావాలంటారు. పింఛను కాగితాలు చేతికందాక, రక్తపోటు మాత్రలు మొదలయ్యాక, మనం ఎదురు చెప్పలేకపోయిన పై అధికారులందరూ తమ దారిన తాము పోయాక రాస్తే ఆ రాతకు ఒక నిండుదనం వస్తుంది. నాకు ముప్పై ఒకటి. నా దగ్గర పింఛను కాగితాలు లేవు, ఒక రాజీనామా లేఖ నకలు ఉంది. అయినా రాస్తున్నాను. ఇకముందు ప్రయోగశాలల్లో చేరబోయే మీలో ఒకరిద్దరికైనా నాకు జరిగినటువంటిదే జరుగుతుందని నాకు దాదాపు నమ్మకం. ఇది చదివినా జరుగుతుంది. అదీ తెలుసు.

కళాశాలలో అయిదేళ్లూ నేను డిబేట్ జట్టులో ఉన్నాను. అనుకూలమా, ప్రతికూలమా అని అడిగి, ఏ పక్షం అప్పగించినా సరిగ్గా ఎనిమిది నిమిషాలు మాట్లాడి కూర్చునేవాణ్ణి. ఎదుటివారు తమ వాదంలో చెప్పకుండా దాటవేసినది ఏమిటో పట్టుకోవాలని మాకు నేర్పారు. ఆ విద్య నాకు బాగా అబ్బింది. బస్సు కండక్టరు దగ్గర నుంచి మా ప్రిన్సిపాలు దాకా నేను ప్రశ్నించని మనిషి లేడు. ప్రశ్నించడం ఒక సూత్రమని నమ్మాను. దాన్ని ఇప్పటికీ కాదనను, కాకపోతే ఆ సూత్రానికి నేను ఇచ్చుకున్న ఒక మినహాయింపు గురించి చెప్పాలి.

ఎమ్మెస్సీ అయ్యాక విజయనగరం శివార్లలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో ప్రాజెక్టు సహాయకుడిగా చేరాను. ఫిజిక్స్ విభాగం వెనక, సైకిల్ స్టాండును ఆనుకుని ఉన్న గది మా ప్రయోగశాల. గదిలో ఒక వర్ణపటమాపకం, నమూనాను వేడిచేసే చిన్న పళ్లెం, కరెంటు పోయినప్పుడల్లా ఆగిపోయే ఏసీ. మనుషులం నలుగురం. విభాగాన్ని నడిపే సార్, నాలుగేళ్లలో పదవీ విరమణ చేయవలసినవారు. ఆయన దగ్గర మూడో ఏడు పీహెచ్‌డీ చేస్తున్న అక్క. ఆమెది కోటబొమ్మాళి దగ్గర వరి పండించే కుటుంబం. శనివారం పాసింజరులో ఊరెళ్లి సోమవారం ఉదయానికి ల్యాబులో ఉండేది. పొందూరు నుంచి రోజూ రైల్లో వచ్చే అటెండరును అక్క మావయ్యా అని పిలిచేది. నాలుగోవాణ్ణి నేను.

మేము చేసే పని గురించి రెండు మాటలు చెప్పక తప్పదు. వెంట్రుక మందంలో వందో వంతుకు మించని బంగారు గుర్తులను ఒక పలుచని పదార్థపు పొర మీద వరసలు వరసలుగా అచ్చు వేస్తారు. ఆ వరసలు కంటికి కనపడని పరారుణ కాంతిలో ఏదో ఒక రంగును మాత్రమే పట్టి ఆపుతాయి. అడుగునున్న పదార్థం వెనేడియం డయాక్సైడ్. సుమారు అరవై ఎనిమిది డిగ్రీల దాకా అది కరెంటును సరిగా పోనివ్వదు, ఆ పైన లోహంలా మారిపోతుంది. అది మారితే పైనున్న బంగారం పట్టే రంగు కూడా జరుగుతుంది. అంటే వేడితో శ్రుతి చేయగల కాంతి పరికరం. అరవై ఎనిమిది డిగ్రీలు వాడకానికి ఎక్కువ. కొద్దిగా టంగ్‌స్టన్ కలిపితే ఆ గీత కిందికి దిగుతుంది. ఎంత కిందికి దించి, రంగు ఇంకా చక్కగా జరిగే పరికరం చేయవచ్చన్నది అక్క అయిదేళ్ల ప్రశ్న.

ఇదంతా మావయ్యకు అక్క చెప్పిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఒకరోజు ఆయన టీ పెట్టి, పళ్లెం వైపు చూస్తూ నిలబడ్డాడు.

“ఇన్నేళ్లై ఈ బిళ్లని కాస్తన్నావు, సల్లారబెడతన్నావు. ఏటొస్తాదమ్మా దీన్లోంచి?”

“డప్పు కాస్తారు కదా మావయ్యా, శ్రుతి ఎక్కడానికి? ఇదీ అంతే. కాస్తే దీని వెలుగు శ్రుతి మారతాది.”

“అలాగ సెప్పు మరి. ఇన్నాళ్లూ ఏటో పెద్ద సదువనుకున్నాను.”

అక్క నవ్వింది. నేనూ నవ్వాను. ఆ పోలికలో సగం నిజమే ఉందని, మిగతా సగం మావయ్య దగ్గరే ఉందని మా ఇద్దరికీ తెలియదు.

నేను చేరిన ఏడాదికి ఒకే వారంలో రెండు సంగతులు జరిగాయి. మొదటిది, మరో నగరంలోని పెద్ద కేంద్రంలో మా కోసం తయారుచేసిన కొత్త నమూనాలు నాలుగు వచ్చాయి. టంగ్‌స్టన్ పాలు ఎక్కువ, లెక్క ప్రకారం యాభై మూడు డిగ్రీల దగ్గర మారాలి. మూడింటిని వాడకానికి తీశాం, నాలుగోదాన్ని పెట్టెలోనే సీలు తీయకుండా ఉంచాం. రెండోది, నమూనాలు తుడిచే విదేశీ కాగితం అయిపోయింది. బంగారం మీద రక్షణగా పలుచని గాజుపూత ఉండేది కనుక, రోజూ కొలతకు ముందు దుమ్ము పోవడానికి మొదట శుద్ధజలంతో, తరవాత ఆల్కహాలుతో సున్నితంగా తుడవాలి. ఆ తుడిచే పని నాది. కొత్త కాగితం కావాలంటే మూడు కంపెనీల నుంచి కొటేషన్లు, రెండు కమిటీల సంతకాలు.

“మా ఇంట్లో పాత పంచెలున్నాయి బాబూ,” అన్నాడు మావయ్య. “వందో నంబరు నూలు. కంట్లో ఎట్టుకున్నా గుచ్చుకోదు.”

ఆ నూలు ఎలా పుడుతుందో కూడా చెప్పాడు. ఆయన తల్లి ఇప్పటికీ వాలుగ చేప దవడ ఎముకతో దూదిని దువ్వి, గింజ ముక్క కూడా మిగలకుండా చేసి, రాట్నం మీద వడుకుతుందట. నాకింకేం కావాలి? ఆ మధ్యాహ్నం ల్యాబులో నిలబడి ఒక ఉపన్యాసం ఇచ్చాను. సముద్రాలు దాటి వచ్చిన కాగితాన్ని ఒక్కసారి తుడిచి పారేయడం ఏ విజ్ఞానం? రైల్లో గంట దూరంలో ప్రపంచంలోకెల్లా మెత్తని నూలు ఉండగా మనకు కొటేషన్లెందుకు? దారాల పీచు రాలుతుందన్న అభ్యంతరాన్ని ముందే ఊహించి, దానికీ జవాబు సిద్ధం చేశాను. వందో నంబరు నూలును భూతద్దం కింద పెట్టి మరీ చూపించాను.

“ఒరే తమ్ముడూ,” అంది అక్క, “నువ్వు మాటాడతంటే కాదనడానికి ఓపికుండదు. సరే కానీ.”

సార్ సంతోషించారు. ఆయన వాళ్లది తాతల కాలం నుంచి విజయనగరం బజారులో కిరాణా వ్యాపారం. “ఊళ్లో సరుకుండగా బయట బేరమెందుకయ్యా,” అన్నారు.

సోమవారం మావయ్య పాత పంచెను అరచేయంత ముక్కలుగా కత్తిరించి, నాలుగు మడతలు వేసి, కొత్త మిఠాయి డబ్బాలో పెట్టి తెచ్చాడు. అంతటి శుభ్రమైన తెల్లటి గుడ్డను ఆ గదిలో నేను అంతవరకు చూడలేదు. చేతిలోకి తీసుకుంటే సన్నగా పెళపెళలాడింది. ఆ పెళపెళను నేను శుభ్రత అనుకున్నాను. ఎలా ఉతికారని అడగలేదు. బస్సు కండక్టరును సైతం నిలదీసిన మనిషి ఆ ఒక్క ప్రశ్న వేయలేదు. గుడ్డ నా వాదంలో భాగమైపోయింది, నా వాదాన్ని నేను ప్రశ్నించుకునే అలవాటు నాకు లేదు.

ఫలితాలు వానాకాలంలో వచ్చాయి. యాభై మూడు దగ్గర మారవలసిన నమూనాలు ముప్పై అయిదు డిగ్రీల నుంచే రంగు జరపడం మొదలుపెట్టాయి. నెమ్మదిగా, క్రమంగా, అరచేతి వేడికే. అక్క అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. ముప్పై సార్లు కొలిచింది. ముప్పై సార్లూ వచ్చింది. కొత్త నమూనాల గొప్పదనమని అందరం తీర్మానించాం. రెండు కొత్త వస్తువులు ఒకే వారం గదిలోకి వచ్చాయి, మేము ఒకదాన్నే కొత్తగా గుర్తించాం.

జనవరిలో ఈ రంగు జరుగుడు తగ్గింది. ఏసీ నిలకడగా నడిచిన రోజుల్లో ఇంకా తగ్గింది. కరెంటు పోయి, కిటికీలు తెరిచిన రోజుల్లో మళ్లీ బాగుండేది. అక్క తన పుస్తకంలో ‘పళ్లెం ఉష్ణోగ్రతామాపకం సరిచూడాలి’ అని రాసుకుంది. సరిచూసింది కూడా. అందులో లోపం లేదు. సార్ దగ్గరకు వెళ్తే ఆయన కుర్చీ వెనక్కి వాల్చి, “సరుకు బాగున్నప్పుడు తూకం రాయి ఏ కంపెనీదని ఎవరూ అడగరమ్మా,” అన్నారు. మరుసటి వానాకాలానికి వ్యాసం ఒక పత్రికకు వెళ్లింది, అంగీకారమూ వచ్చింది.

అక్కకు ఫెలోషిప్ అక్టోబరు నెలాఖరుతో ముగుస్తుంది. అదే కళాశాలలో శాశ్వతమైన లెక్చరరు పోస్టు ఒకటి ఖాళీ అయింది. నవంబరులో ఇంటర్వ్యూ, ఆనాటికి థీసిస్ సమర్పించినట్టు కాగితం ఉండాలి. ఆ పోస్టు ఆమెదేనని తోటమాలికి కూడా తెలుసు. సమర్పణకు ముందు సెమినారు అక్టోబరు మొదటి వారంలో పెట్టారు.

సెమినారుకు ముందు రోజు సాయంత్రం అక్క కోసం గ్రాఫులు గీసింది నేనే. కొలతలన్నిటినీ ఉష్ణోగ్రత ప్రకారం కాక తేదీల ప్రకారం ఒకసారి పేర్చి చూద్దామనిపించింది. పేర్చాను. జూలై నుంచి అక్టోబరు దాకా ఒక గుట్ట, చలికాలంలో ఒక పల్లం, మళ్లీ జూలై నుంచి గుట్ట. అది పదార్థం గ్రాఫులా లేదు, వానల గ్రాఫులా ఉంది.

అక్క పక్క గదిలోనే ఉంది. మధ్యలో ఒక తలుపు, అదీ తెరిచే ఉంది. నేను లేచి వెళ్లి చూపించలేదు. ఇలాంటి సందేహాన్ని వేదిక మీద, అందరి ఎదుట, పద్ధతి ప్రకారం లేవనెత్తడమే విజ్ఞాన ధర్మమని నాకు నేను చెప్పుకున్నాను. చక్కని వాక్యమే. దాని కింద ఉన్నది ఇది: మంచి ప్రశ్న వేశాక సభలో ఒక క్షణం నిశ్శబ్దం వస్తుంది, కళాశాల వదిలాక ఆ నిశ్శబ్దం నాకు దొరకలేదు.

మరునాడు అక్క నలభై నిమిషాలు మాట్లాడింది. ప్రశ్నలున్నాయా అన్నారు. నేను లేచాను.

“మీ పరికరం జూలైలో ఒకలాగా, జనవరిలో మరొకలాగా ప్రవర్తిస్తోంది. పదార్థానికి ఋతువులు తెలుస్తాయా?”

సభలో కొందరు నవ్వారు. తరవాత నేను కోరుకున్న నిశ్శబ్దం వచ్చింది. బయట నుంచి వచ్చిన పరీక్షకుడు నవ్వలేదు. బక్కపలచని, మెల్లగా మాట్లాడే మనిషి. ఆయన నన్ను తేదీలు అడిగి, కాగితం మీద రాసుకుని, అక్క వైపు తిరిగారు.

“వాడని నమూనా ఏదైనా ఉందామ్మా?”

“ఒకటుందండి. సీలు తీయలేదు.”

“దాన్ని కొలిచి నాకు పంపండి. అది చూసి సంతకం చేస్తాను.”

సెమినారు హాలు బయట వరండాలో అక్క నన్ను ఆపింది. గొంతు పెంచలేదు.

“నిన్న ఈ గ్రాఫులు నువ్వే కదా గీసినావు?”

“అవునక్కా.”

“అప్పుడే కనిపించినాదా?”

“అవును.”

“మరి నాకెందుకు సెప్పలేదు?”

ఆమె నా భుజం మీది నుంచి సైకిల్ స్టాండు వైపు చూసింది. “బాగా అడిగినావులే,” అని లోపలికి వెళ్లిపోయింది. డిబేట్లలో నాకు బహుమతులుగా వచ్చిన కప్పులు ఇంట్లో పదకొండున్నాయి. ఆ ఒక్క మాట గురించి ఆలోచించినంతసేపు వాటిలో దేని గురించీ ఆలోచించలేదు.

మరునాడు నాలుగో పెట్టె సీలు తీశాం. అలవాటు కొద్దీ నేను డబ్బాలోని గుడ్డ అందుకోబోయాను.

“దాన్ని ముట్టుకోకు. ఎలాగుందో అలాగే పెట్టు,” అంది అక్క.

ఇరవై అయిదు డిగ్రీల నుంచి మొదలుపెట్టాం. ముప్పై అయిదు. నలభై. నలభై అయిదు. తెర మీద గీత కదల్లేదు. యాభై మూడు దగ్గర కదిలింది, లెక్క చెప్పినట్టే, లెక్క చెప్పినంతే. ఒకే బ్యాచి నాలుగింటిలో వాడినవి మూడూ అద్భుతాలు, వాడనిది మామూలు వస్తువు. అక్క కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. నెలాఖరుకు మూడు వారాలుంది.

పది రోజులు వెతికాం. పళ్లెం మార్చాం, కాంతి దీపం మార్చాం. కారణం దొరకలేదు. పదకొండో రోజు ఉదయం నుంచి ముసురు పట్టింది. మావయ్య టీ తెచ్చి, ఎప్పటిలా నిలబడ్డాడు.

“ఏటమ్మా, అలాగ డీలా పడిపోనావు?”

“డప్పు పలకలేదు మావయ్యా.”

“ఏ డప్పు? పాతదా, కొత్తదా?”

“కొత్తది. మొన్ననే పెట్టిలోంచి తీసినాం.”

“అయితే ఎలాగ పలుకుతాది?” అన్నాడు మావయ్య, అదేదో అందరికీ తెలిసిన విషయమన్నట్టు. “డప్పు కాసీది తోలుకి తడెక్కినప్పుడమ్మా. కాస్తే ఆ తడి పోయి శ్రుతెక్కుతాది. మే నెల్లో పొడి డప్పుని ఎంత కాసినా ఏటుంటాది? వానల్లోనే గెడ్డి ముట్టించాల. తడి నేకపోతే కాపుకి పని నేదు.”

ఆయన గ్లాసులు తీసుకుని వెళ్లిపోయాడు. అక్క, నేను ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. చూసుకోవలసిన అవసరం లేదు. మేము రెండు వానాకాలాలుగా పదార్థాన్ని కాయలేదు, తడిని కాచాం. గాలిలోని తేమ నమూనా పైన దేనిలోకో ఎక్కుతోంది, వేడికి దిగిపోతోంది. ఆ ఉబ్బుకూ తగ్గుకూ బంగారం పట్టే రంగు అటూ ఇటూ జరుగుతోంది. కానీ బంగారం తడి పీల్చదు. గాజూ పీల్చదు.

“దీని మీద ఇంకేటో ఉన్నాది,” అంది అక్క. “దీన్ని ముట్టుకునేవి ఏమేటున్నాయి? సెప్పు.”

“పట్టకారు. పళ్లెం. ఆల్కహాలు, నీళ్లు.” ఆగాను. “గుడ్డ.”

మిఠాయి డబ్బా తెరిచి ఒక ముక్క తీశాను. పెళపెళలాడింది. ఏడాదికి పైగా రోజూ విన్న చప్పుడే. ఈసారి విన్నాను.

ప్రథమ చికిత్స పెట్టెలో టింక్చరు అయోడిన్ ఉండేది. తొమ్మిదో తరగతి పిల్లలు బంగాళదుంప ముక్క మీద చేసే పరీక్ష మీకూ గుర్తుండే ఉంటుంది. ఒక చుక్క నీళ్లలో కలిపి గుడ్డ మీద వేశాను. తెల్లటి వందో నంబరు నూలు మీద ముదురు నీలం మెల్లగా విప్పుకుంది. నమూనా అంచున ఇంకో చుక్క వేసింది అక్క. సూక్ష్మదర్శినిలోంచి తల ఎత్తకుండానే, “ఇదీ నీలమే,” అంది.

గ్లాసులు కడిగి వచ్చిన మావయ్య బల్ల దగ్గర ఆగాడు.

“ఇదేటి బాబూ, గుడ్డ మాసిపోనాదా?”

“మావయ్యా, ఈ గుడ్డల్ని ఇంట్లో ఎలాగ ఉతుకుతారు?”

ఆ ప్రశ్న నేను ఏడాదికి పైగా ఆలస్యంగా వేశాను.

“మా ఇంటిది ఉడకేసి, నీలం నేకుండా ఉతికి, పల్చగా గంజెట్టి, ఇస్త్రీ సేసి ఇస్తాది. వారం వారం అలాగే.” మా ముఖాలు చూసి ఆయన గొంతు తగ్గింది. “ఆపీసుకెల్లీ గుడ్డ గంజి నేకుండా ఎలాగిస్తాం బాబూ? మర్యాద కాదు కదా.”

మొదట నీళ్లతో తుడిచినప్పుడు గుడ్డలోని గంజి కొంచెం కరిగి గాజు మీదికి చేరేది. తరవాత వేసే ఆల్కహాలులో గంజి కరగదు కనుక అది అక్కడే బిగిసేది. రోజుకొక పొర, అతి పలుచగా, నా చేతులతో, ఎంతో జాగ్రత్తగా. నేను ఎంత శ్రద్ధగా తుడిస్తే ఫలితం అంత బాగా వచ్చేది.

“తప్పైపోనాదా అమ్మా?” అన్నాడు మావయ్య.

“నీది కాదు మావయ్యా,” అంది అక్క.

గోరువెచ్చని శుద్ధజలంలో ఒక పూట నానబెట్టి కడిగితే మూడు అద్భుతాలూ మామూలు వస్తువులైపోయాయి. యాభై మూడు డిగ్రీల దాకా గీత కదల్లేదు.

సార్ గదికి ముగ్గురం కలిసి వెళ్లలేదు. అక్క, నేను వెళ్లాం. ఆయన చెడ్డవారు కారని మీకు చెప్పాలి. అయిదేళ్లు తన విద్యార్థిని పడిన కష్టాన్ని ఎలా కాపాడాలా అనే ఆలోచించారు.

“పేరు మారుద్దామమ్మా. తేమతో శ్రుతి అయ్యే కాంతి పరికరం. పైన గంజిపొర. ఇదీ కొత్తదే. నెలాఖరుకు ఇచ్చేద్దాం, నవంబరు నీ చేతిలో ఉంటుంది.”

నేను ఆ ప్రతిపాదనకు అనుకూలంగా మాట్లాడాను. చాలా బాగా మాట్లాడాను. అనుకోకుండా దొరికిన వాటితోనే విజ్ఞానం ముందుకు నడిచిందన్నాను. నేను పోగొట్టినదాన్ని నా నోటితోనే తిరిగి సంపాదించి పెట్టాలని ఎంత ఆత్రపడ్డానో ఆ మాటల పొందికలో ఎవరికీ కనపడి ఉండదు. అక్కకు కనపడిందనుకుంటాను. అడ్డు రాకుండా మొత్తం విన్నది.

“గంజి మీద పనిచేయాలంటే చేయొచ్చు సార్, మొదటి నుంచి మొదలుపెట్టి. నా దగ్గరున్న కొలతల్లో ఏ రోజు ఎంత మందం పొర ఉందో ఎవరికీ తెలీదు. తుడిచిన తమ్ముడికీ తెలీదు. నేను అడిగిన ప్రశ్న వెనేడియం గురించి. వేరేది జవాబిచ్చింది కదా అని ఇప్పుడు ప్రశ్న మార్చేస్తే, మారినట్టు నాకు తెలుస్తుంది కదండీ.”

“సరేనమ్మా,” అన్నారు సార్. తరవాత పత్రికకు రాయవలసిన ఉపసంహరణ లేఖను తానే చెబుతూ పోయారు, నేను టైపు చేశాను. ‘అటెండరు ఉపయోగించిన వస్త్రం కారణంగా’ అన్న చోటికి వచ్చింది. నా వేళ్లు ఆగలేదు. టైపు చేశాయి.

“ఆగండి సార్,” అంది అక్క. “మావయ్య గుడ్డ ఇచ్చాడు. తుడవలేదు.”

“మరి తుడిచిందెవరు?”

ఆమె నా వైపు చూడలేదు. చూసి ఉంటే సులువయ్యేది. నిండు సభలో ఆమెను ప్రశ్నించడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. ఆ చిన్న గదిలో రెండక్షరాలు నోరు దాటడానికి పట్టిన సమయాన్ని నేను కొలవలేదు, కొలిచే సాధనాలన్నీ పక్క గదిలో ఉన్నా.

“నేను,” అన్నాను. “గుడ్డ వాడదామన్నదీ నేనే సార్.”

సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ సమయంలో కూడా నేను ఆయన చేతిరుమాలు వైపు చూశాను.

“మేము అని రాయండి,” అంది అక్క. “పని మా ఇద్దరిదీ.”

లేఖలో అలాగే వెళ్లింది. నవంబరు ఇంటర్వ్యూకు అక్క వెళ్లలేదు, వెళ్లడానికి కాగితం లేదు. పోస్టు మరొకరికి వచ్చింది, మంచి మనిషే. అక్క ఫెలోషిప్ లేకుండా, ఉదయం ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో పాఠాలు చెబుతూ, మధ్యాహ్నం ల్యాబుకు వచ్చి అన్ని కొలతలూ మొదటి నుంచి తీసింది. పద్దెనిమిది నెలలు పట్టింది. యాభై మూడు డిగ్రీల దగ్గర రంగు కొద్దిగా జరుగుతుందని, అంతకన్నా దించితే జరుగుడే చిక్కిపోతుందని తేలింది. నిజమైన ఫలితం. ఎవరినీ ఆశ్చర్యపరచలేదు. పరీక్షకులు థీసిస్ ఆమోదించారు, టీ తాగారు, వెళ్లిపోయారు.

నేను ఆ కొలతలు సగంలో ఉండగా మానేశాను. సూత్రం కోసం మానేశానని బంధువుల్లో ఒక కథ ఉంది, దాన్ని నేను ఖండించకుండా ఉన్నందుకు సిగ్గుపడుతున్నాను. అలసిపోయి మానేశాను. రోజూ ఉదయం నమూనా తుడవడానికి చెయ్యి ఎత్తితే ఆ చెయ్యి నాది కాదనిపించేది. ఇప్పుడు శ్రీకాకుళంలో ఒక కార్యాలయంలో అర్జీలు పరిశీలించే పని. ప్రశ్నలు వేయడమే అక్కడా ఉద్యోగం. వేస్తాను. ఎదుటి మనిషికి ముందే విడిగా చెప్పదగిన మాట ఏదైనా ఉంటే, విడిగా చెప్పాకే వేస్తాను. ఆ మాత్రం నేర్చుకోవడానికి ఇంకొకరి పద్దెనిమిది నెలలు ఖర్చయ్యాయి.

మొన్న విజయనగరంలో పని పడి ల్యాబుకు వెళ్లాను. ఇప్పుడు దాన్ని అక్కే నడుపుతోంది, కాంట్రాక్టు మీద. సార్ రిటైరయ్యారు. మావయ్య మోకాళ్ల నొప్పితో మానేశాడట. అల్మారాలో అక్క కొలతల పుస్తకాలు వరసగా ఉన్నాయి. ఒకటి తెరిచాను. తేదీ, ఉష్ణోగ్రత, గాలిలో తేమ, ఆ తరవాత చేత్తో గీసిన ఇంకొక గడి: ‘దేనితో తుడిచాం’. ఆ గడిలో మొట్టమొదటి నమోదు నా చేతిరాతే. ‘ఏదీ లేదు’ అని రాసి ఉంది. నేను మానేయడానికి ముందు రాసినది. ఆ తరవాత వందల వరసలు, వేరే వేరే చేతిరాతల్లో. ఏ ఒక్కటీ ఖాళీగా లేదు.

కొత్తగా చేరిన అమ్మాయి నా భుజం వెనక నుంచి చూస్తోంది. బొబ్బిలి వైపు పిల్లట, కళ్లు నిదానంగా నిలబెట్టి చూసే రకం.

“ఈ గడి ఏటికండీ? ఏ ల్యాబులోనూ ఇలాగుండదు. మేడమ్‌ని అడిగితే నవ్వి ఊరుకుంటాది.”

నేను అక్క వైపు చూశాను. ఆమె పళ్లెం మీద నమూనా సర్దుతోంది, తల తిప్పలేదు.

“నువ్వే సెప్పు తమ్ముడూ,” అంది. “ఈసారి ముందే సెప్పు.”

చెప్పాను. ఎనిమిది నిమిషాలు పట్టలేదు.